పదకొండు రాజీనామాలూ ఒక గోడగడియారం

రాజీనామా చేయడమంటే ఆయనకు మహా ఇష్టం. కొందరికి పొద్దున్నే కాఫీ పడకపోతే తలనొప్పి వస్తుంది. ఆయనకు ఏడాదికి ఒకటి రెండు రాజీనామాలు పడకపోతే ఒంట్లో నలతగా ఉండేది. జీతం లేని, కుర్చీ లేని, కనీసం పేరు రాసిన బల్ల కూడా లేని ఒక ఉద్యోగానికి ఎనిమిదేళ్ళలో పదకొండుసార్లు రాజీనామా చేసిన మనిషి ఇంకొకరు ఉన్నట్టు, ఆయన ఎలుకపిల్ల అని పిలిచే అమ్మాయి ఎక్కడా చదవలేదు. ఆ పిల్ల చదవనిదంటూ పెద్దగా లేదు కూడా.

ఆ ఉద్యోగం ఏమిటంటే, రచయితల సంఘం వాళ్ళ బ్లాగుకు సంపాదకత్వం. సంఘంలో నలభైమంది ఉంటారు. అందరూ రాసేవాళ్ళే. చదివేవాళ్ళు ఎవరన్నది మాత్రం సంఘం పెట్టిన నాటినుంచీ తేలలేదు. సంపాదకుడుగారి అసలు వృత్తి కట్టుడుపళ్ళు తయారుచేయడం. పళ్ళ డాక్టరు గది వెనక, ఒకే కిటికీ ఉన్న చిన్న గదిలో, ప్లాస్టరు దవడల మధ్య కూర్చుని, పొద్దుటిపూట ఎవరి ముందరిపళ్ళో అరగదీసేవారు, మధ్యాహ్నం ఎవరి కథో అరగదీసేవారు. రెండింటికీ ఒకటే సూత్రం చెప్పేవారు. “నోట్లో పెట్టుకున్న సంగతి తెలియకూడదమ్మా. తెలిసిందంటే పని సరిగ్గా కుదరనట్టే.”

సంఘంలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని మావయ్యగారనేవారు. ఆయన లేనప్పుడు రాజీనామా మావయ్య అనేవారు. ఉన్నప్పుడు కూడా ఒక్కోసారి నోరుజారి అనేసేవారు. ఆయన ‘ఊఁ’ అని పలికేవారు.

ఎలుకపిల్ల ఆయనకు సహాయకురాలు. సాహిత్యంలో ఎం.ఏ. చదువుతోంది. దిగాల్సిన చోట బస్సు ఆపమనడానికి మొహమాటపడి, తర్వాతి స్టాపులో ఇంకెవరైనా దిగితే వాళ్ళ వెనకాల దిగి, వెనక్కి నడిచొచ్చే రకం. ఆ పేరు పెట్టింది మావయ్యగారే. “మాట వినపడదు. రాత్రి ఇచ్చిన కాగితం మాత్రం పొద్దున్నకి అంచులన్నీ కొరికి ఉంటుంది” అనేవారు.

ఆయన మొదటి రాజీనామాను సంఘం పాపం నిజమనుకుంది. బ్లాగులో మూడు పేజీల ఉత్తరం పెట్టారు. సభ్యులు కామాలను ఉప్పు చల్లినట్టు చల్లుతున్నారనీ, అది చూస్తూ ఊరుకోవడానికి తన అంతరాత్మ ఒప్పుకోవడం లేదనీ రాశారు. అందరూ కంగారుపడిపోయి, ఆదివారంనాడు లైబ్రరీ మేడమీద వీడ్కోలు సభ పెట్టారు. లైబ్రేరియన్ అక్కయ్య, సంఘం తరఫున ఒక గోడగడియారం రంగుకాగితంలో చుట్టి ఇచ్చింది. ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. బుధవారం మధ్యాహ్నం గడియారం చంకలో పెట్టుకుని వచ్చేశారు.

“ఏం మావయ్యగారూ?” అంది అక్కయ్య.

“ఇది టిక్కు టిక్కుమంటుంటే నిద్ర పట్టడంలేదమ్మా. మీ గడియారం మీరే ఉంచుకోండి.”

“మరి రాజీనామా?”

“అదీ వెనక్కే. రెండూ కలిపే కదా ఇచ్చిపుచ్చుకున్నాం.”

రెండో రాజీనామాకు అక్కయ్య అదే గడియారం అదే కాగితంలో చుట్టి ఇచ్చింది. బుధవారానికి తిరిగొచ్చింది. ఐదోసారికల్లా ఆ కాగితానికి మడతలు ఎంత అలవాటయ్యాయంటే, గడియారం మధ్యలో పెడితే చాలు, నాలుగంచులూ వాటంతటవే ముడుచుకునేవి. ఏడోసారి ఆయన ఉపన్యాసం మధ్యలో అక్కయ్య లేచి, “బుధవారం నేను సెలవు మావయ్యగారూ, గురువారం తెచ్చివ్వండి” అంది. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా డైరీలో రాసుకున్నారు.

కారణాలకు కొదవేముంది? ఒకసారి టీ చల్లారిందని. ఒకసారి సంఘం ఫొటోలో తన ఒక్కడికే కళ్ళు మూసుకుపోయాయని. ఒకసారి, ఆయన పొరపాటున రెండుసార్లు పెట్టిన ఒకే కవితకు మాజీ లెక్చరర్‌గారు రెండుసార్లూ వేరువేరుగా ‘అద్భుతం’ అన్నారని. ఈ మాజీ లెక్చరర్‌గారు ప్రతి రాజీనామా కిందా, ‘తమ నిర్ణయాన్ని పునరాలోచించుకోవలసిందిగా సవినయంగా మనవి’ అని రాసేవారు. పదకొండుసార్లూ అదే వాక్యం. ఎక్కడో దాచుకుని ఉంటారు.

“ఇంట్లో కూడా రాజీనామాలు చేస్తుంటారా అత్తయ్యగారూ?” అని ఎలుకపిల్ల ఒకసారి వాళ్ళావిణ్ణి అడిగింది.

“ఒక్కటంటే ఒక్కసారి చేసి చూడమను. ఆమోదించేస్తానని భయం ఆయనకి. గడియారం కూడా ఇవ్వను.”

పన్నెండోసారి మాత్రం ఉత్తరం రాలేదు. ఒక ఆదివారం మావయ్యగారు మేడమీదికి వచ్చి, కట్టుడుపళ్ళు పెట్టిచ్చే చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఎలుకపిల్ల ముందు పెట్టారు. ఆ పిల్ల భయంభయంగా మూత తీసింది. లోపల పళ్ళు లేవు. బ్లాగు పాస్‌వర్డ్ రాసిన చీటీ ఉంది.

“ఇవాళ్టినుంచి నువ్వే” అన్నారు.

“ఉత్తరమేదండీ?” అంది అక్కయ్య, అప్పటికే గడియారం కోసం లేవబోతూ.

“లేదమ్మా. కళ్ళ డాక్టరు ఏదో ఒకటి ఎంచుకోమన్నాడు. కంప్యూటరా, పళ్ళా అని. పళ్ళు అన్నం పెడుతున్నాయి. బ్లాగు తిట్లు పెడుతోంది. ఇందులో ఆలోచించడానికేముంది?”

ఎవరూ నవ్వలేదు. సభ లేదు, ఉపన్యాసం లేదు. ఆ గాభరాలో గడియారం ఇవ్వడం కూడా మరిచిపోయారు. పదకొండు ఉత్తుత్తి రాజీనామాలకు ఠంచనుగా వెళ్ళిన గడియారం నిజం రాజీనామాకు బీరువాలోనే ఉండిపోయింది.

రెండ్రోజుల తర్వాత, మంగళవారం, ఎలుకపిల్ల సంపాదకత్వంలోకి మొదటి కొత్త రచయిత వచ్చాడు. బస్సు కండక్టరు. పాత డ్యూటీ చార్టుల వెనక కథ రాసి, ఫొటోలు తీసి పంపాడు. ఒకావిడ రోజూ మొదటి స్టాపులో ఎక్కి, ఆఖరి స్టాపుదాకా వెళ్ళి, ఎక్కడా దిగకుండా అదే బస్సులో వెనక్కి వస్తుంది. ఇంతే కథ. చదివి ఎలుకపిల్ల మళ్ళీ మొదటికి వెళ్ళి ఇంకోసారి చదివింది. కథ చివర ఒక మాట రాశాడు: ‘ఇది నా మొదటి కథ. ఎవరూ చదవకపోతే ఇదే ఆఖరిది. బాధేం లేదు, నాకు డ్యూటీ ఉంది.’

ఎలుకపిల్ల ఒక్క కామా కూడా కొరక్కుండా కథను బ్లాగులో పెట్టింది. రెండు రోజులు గడిచాయి. కథ తెరిచినవాళ్ళు నలుగురని లెక్క చూపించింది. అందులో ఒకటి తను. రెండు కండక్టరే. నాలుగోది లైబ్రేరియన్ అక్కయ్య, చెయ్యి తగిలి.

కండక్టరు ఫోన్ చేశాడు. “ఎవరైనా ఏమైనా అన్నారా మేడమ్?”

“ఇంకా రెండు రోజులే కదండీ.”

“పర్లేదు మేడమ్. ఖాళీ బస్సు తిప్పడం మాకు అలవాటే.”

ఆ మాటకు ఎలుకపిల్లకు అన్నం సయించలేదు. కొత్తవాళ్ళందరి గతీ ఇంతేనా అని బ్లాగు పాత లెక్కలన్నీ తిరగేసింది. ఇంతే. నలుగురు, ఐదుగురు, మహా అయితే తొమ్మిదిమంది. కానీ ఒక పదకొండుమంది కొత్తవాళ్ళకు మాత్రం మూడేసి వందలమంది ఉన్నారు. ఆ పదకొండు తేదీలూ చూస్తుంటే ఆమెకు ఎక్కడో చూసినట్టనిపించింది. లేచి, మావయ్యగారి రాజీనామా ఉత్తరాలు ఒక్కొక్కటే తీసింది.

ప్రతిసారీ ఒకటే వరస. ముందు ఉత్తరం. సరిగ్గా అరగంట తర్వాత ఒక కొత్త రచయిత మొదటి రచన. బ్లాగులో ఆఖరున పెట్టింది అన్నిటికంటే పైన ఉంటుంది. అంటే రాజీనామా తమాషా చూద్దామని పరిగెత్తుకొచ్చిన ప్రతి మనిషీ ఆ కొత్త రచన మీదుగా దిగి రావాల్సిందే.

ఐదో ఉత్తరం మీద ఉన్నది ఎలుకపిల్ల మొదటి కథ. దానికి నలభైమూడు కామెంట్లు. అవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. తను రచయిత్రినని ఆమె నమ్మింది ఆ రోజే. మాజీ లెక్చరర్‌గారి కామెంటు, ‘రాజీనామా సంగతి అలా ఉంచితే, ఈ అమ్మాయి వాక్యంలో తడి ఉంది’ అని మొదలవుతుంది. ఆ మొదటి నాలుగు మాటలూ అక్కడెందుకున్నాయా అని నాలుగేళ్ళుగా ఆమె అనుకుంటూనే ఉంది.

మర్నాడు ప్లాస్టరు దవడల గదికి వెళ్ళింది.

“మావయ్యగారూ, ఐదో రాజీనామా ఎందుకు చేశారు?”

“ఐదోదా?” అన్నారాయన ఒక దంతాన్ని వెలుతురుకు పెట్టి చూస్తూ. “టీ చల్లారిందమ్మా.”

“టీ కాదు. నేను.”

ఆయన దంతాన్ని కింద పెట్టారు. దొరికిపోయిన పిల్లాడిలా అద్దాలు తుడుచుకున్నారు.

“నలభైమూడుమందీ మీ కోసం వచ్చినవాళ్ళేనన్నమాట” అంది.

“వచ్చింది నాకోసమే. నిన్ను మెచ్చుకోమని మాత్రం నేనెవరికీ చెప్పలేదు. అందులో పదిహేనుమంది నీ కథ దగ్గరే ఆగిపోయి నా ఉత్తరం దాకా రానేలేదు, తెలుసా? మూడు పేజీలు రాశాను. నాకది ఇప్పటికీ అవమానమే.”

ఎలుకపిల్లకు నవ్వొచ్చింది. ఆపుకుని, “మరి కొత్తవాళ్ళందరికీ చేయలేదేం?” అంది.

“అందరికీ చేస్తే మతి పోయిందనుకోరూ?”

“ఇప్పుడేమనుకుంటున్నారు?”

“సగమే పోయిందనుకుంటున్నారు. ఆ సగం నేను కష్టపడి మిగుల్చుకున్నాను. ఎవరు రాయడం మానేసేలా ఉన్నారో వాళ్ళకే చేసేవాణ్ణి. నువ్వు కథతోపాటు పంపిన ఉత్తరంలో మూడుచోట్ల ‘క్షమించండి’ అని రాశావు. ఎందుకో కథకే తెలియదు.”

“మరి పన్నెండోదానికి ఉత్తరం ఎందుకు రాయలేదు?”

“ఆ వారం కొత్తవాళ్ళెవరూ లేరు. ఊరికే వృథా చేయడమెందుకు?”

ఎలుకపిల్ల కండక్టరు సంగతి చెప్పింది. ఖాళీ బస్సు మాట చెప్పింది. చెప్పి, “ఈ ఒక్కసారికి మీరే ఇంకొకటి...” అని నసిగింది.

“రాజీనామా చేయాలంటే పదవి ఉండాలి కదమ్మా” అన్నారు మావయ్యగారు, మళ్ళీ దంతాన్ని చేతిలోకి తీసుకుంటూ. “అది ఇప్పుడు నీ డబ్బాలో ఉంది.”

ఆ సాయంత్రం, బస్సు ఆపమని అడగలేని పిల్ల కంప్యూటరు ముందు కూర్చుని, సంఘం సభ్యుల వైఖరికి నిరసనగా తన పదవిని తృణప్రాయంగా త్యజిస్తున్నట్టు ఉత్తరం రాసింది. పదవిలోకి వచ్చి ఆరు రోజులైంది. రచనలు గడువు దాటాక పంపుతున్నారన్నది కారణం. ఉత్తరంలో నాలుగు ‘క్షమించండి’లు వస్తే మూడు కొట్టేసింది. కండక్టరు కథను తీసేసి, ఉత్తరం పెట్టి, గోళ్ళు కొరుక్కుంటూ సరిగ్గా అరగంట ఆగి, కథను మళ్ళీ పైన పెట్టింది.

జనం విరుచుకుపడ్డారు. ఆరు రోజులకే రాజీనామా చేసిందంటే ఏదో పెద్ద గొడవే అయ్యుంటుందని, ఎప్పుడూ బ్లాగు మొహం చూడనివాళ్ళు కూడా వచ్చారు. గొడవ వెతుక్కుంటూ దిగుతూ, మధ్యలో ఆ బస్సెక్కారు. ఎక్కినవాళ్ళు దిగలేదు. మాజీ లెక్చరర్‌గారు ముందు ఉత్తరం కింద సవినయంగా మనవి చేసుకుని, తర్వాత పైకెక్కి, ‘సంపాదకురాలి తొందరపాటు అలా ఉంచితే, ఆ ఆడమనిషి ఎందుకు దిగదో నాకు తెలిసిపోయింది, చెప్పను’ అని రాశారు. దాంతో ఆమె ఎందుకు దిగదన్నదాని మీద సంఘం రెండుగా చీలింది.

మావయ్యగారు ఫోన్ చేశారు. “మీ అత్తయ్య చదివి వినిపించింది. ఉత్తరం ఏం బాగాలేదు.”

“ఏమైందండీ?”

“కారణం మరీ సబబుగా ఉంది. సబబైన కారణానికి జనం రారమ్మా. మొదటిది కాబట్టి ఏదో గట్టెక్కావు. ఈసారికి టీ చూసుకో.”

ఆదివారం మేడమీద వీడ్కోలు సభ జరిగింది. ఎలుకపిల్ల అరనిమిషం మాట్లాడింది. ఏమందో ఎవరికీ వినపడలేదు గానీ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మావయ్యగారే. లైబ్రేరియన్ అక్కయ్య గడియారాన్ని కాగితం మధ్యలో పెట్టింది. అంచులు వాటంతటవే ముడుచుకున్నాయి.

సోమవారం పొద్దున్న కండక్టరు ఫోన్.

“మేడమ్, యాభైరెండు కామెంట్లు. నిలబడ్డానికి కూడా చోటు లేదు.”

“చూశానండీ.”

“రెండోది మొదలుపెట్టాను మేడమ్. కానీ మీరు వెళ్ళిపోయారట కదా. ఎవరికి పంపమంటారు?”

“నాకే పంపండి.”

“మీరు రాజీనామా చేశారు కదండీ?”

ఎలుకపిల్ల బల్లమీదికి చూసింది. రంగుకాగితంలో చుట్టిన గడియారం టిక్కు టిక్కుమంటోంది. నిజమే, దీంతో నిద్ర పట్టేలా లేదు.

“చేశానండీ” అంది. “బుధవారం దాకా.”