చివరి ముద్ద కోసం కడపకు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఏ పూటకూళ్ల ఇంటికి పోయినా గుమాస్తాల వరస వాకిలి దాటి ఉండేది. రెండేళ్లుగా నేనూ ఆ వరసల్లో నిలబడే తింటున్నాను. నా భార్య నరసమ్మ కడపలో వాళ్ల అన్న ఇంటికి వెళ్లిపోయింది. నేను కొట్టలేదు, తిట్టలేదు. కాలువ పనుల్లో మట్టి తవ్వకానికి కొలతలు కట్టడం నా వృత్తి. బడిలో కాదు, గట్ల మీదే నేర్చుకున్నాను. ఇంట్లోనూ అదే చేశాను. చెంబెడు పిండికి ఎన్ని దోసెలు రావాలో, ఎన్ని వచ్చాయో పొయ్యి పక్కన నిలబడి పద్దెనిమిదేళ్లు చెప్పాను.

ఇప్పుడు రాజంపేటలో భార్య పోయిన ఒకాయన ఆమెను మారుమనువు అడిగాడు. ఆమెకు ఇష్టమే. మా వాళ్లలో తెగతెంపులకు కోర్టు లేదు. పెద్దల ఎదుట ఇద్దరూ మాట చెప్పి, ఆ తర్వాత ఒకే పంక్తిలో పక్కపక్కన భోంచేయాలి. రెండు విస్తళ్లూ ఖాళీ కావాలి. ఎవరు మిగిల్చినా లోపల కోపం ఉన్నట్టే లెక్క. తెంపు చెల్లదు, ఆరు నెలలు ఆగాలి. రాజంపేట ఆయన అన్నాళ్లు ఆగనన్నాడట. ఆమెకు అడ్డం పడకూడదని తీర్మానించుకుని బయలుదేరాను.

ఉదయం ఐదున్నరకు బస్సు. నంద్యాల చేరేసరికి ఏడూ ముప్పావు. రెండు వారాలుగా నా మనసు నిలకడగా లేదు. అక్కడ ఒక పొట్లం బొరుగుల ఉగ్గాని, మూడు మిరపకాయ బజ్జీలు తిన్నాను. తిన్నంతసేపూ మనసు కుదురుగా ఉంది. బస్సెక్కగానే మళ్లీ బరువెక్కింది.

పక్క సీట్లో మదార్ సాబు అనే బట్టల వ్యాపారి.

"యాడికప్పా?"

"కడపకు. తెగతెంపులకు."

ఆయన ఒళ్లోని డబ్బా మూత తీశాడు. "ముందు తిను. ఇట్లాంటి పనికి ఖాళీ కడుపుతో పోగూడదు."

డబ్బాలో ఆరు జొన్నరొట్టెలు, నూనె వంకాయ. మాటల్లో నాలుగు నేనే తిన్నాను. తొమ్మిదిన్నరకు ఆళ్లగడ్డలో దిగి, ఎర్రకారం అద్దుకుని ఎనిమిది పొంగనాలు. మైదుకూరులో అలసంద వడలు.

"ఏమప్పా, నువ్వు తెగతెంపులకు పోతాండావా, పెండ్లికి పోతాండావా?" అన్నాడు మదార్ సాబు, ఖాళీ డబ్బా మూత పెడుతూ.

ఒకటింబావుకు కడప. బస్టాండు నుంచి నరసమ్మ అన్న ఇల్లు నడకన ఇరవై నిమిషాలు. పెద్దలు ఐదుగురు అప్పటికే చాపల మీద ఉన్నారు. పద్దెనిమిదేళ్ల సంసారం విడిపోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. తర్వాత విస్తళ్లు వేశారు. వంటంతా నరసమ్మే చేసింది: రెండు పిడికిళ్లంత రాగిసంగటి ముద్ద, కోడి పులుసు, బెల్లం పూర్ణం పెట్టిన రెండు ఓళిగలు. ఊళ్ల కాలువలు కొలిచినవాణ్ణి, నా కడుపు కొలత మరిచిపోయానని అప్పుడు తెలిసింది.

ఆమె విస్తరి ఖాళీ అయింది. నా ముందు సగం ముద్ద, రెండు ఓళిగలు అట్లాగే ఉన్నాయి.

"ఏమప్పా, మనసులో ఏమన్నా పెట్టుకోనుండావా?" అన్నాడు పెద్దాయన.

"మనసులో ఏం లేదు పెద్దప్పా. కడుపులోనే ఉండాది."

ఎవరూ నవ్వలేదు. ఒకాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఇంగ ఆర్నెల్లు" అన్నాడు. నరసమ్మ అన్న మొహం వాడిపోయింది.

"ఉండండి పెద్దప్పా," అంది నరసమ్మ. "ఆ సొక్కా సూడండి. పసుపుమరక ఉగ్గానిది. ఎర్రది పొంగనాల కారం. బాధొస్తే ఈయప్ప తింటాడు. మా అత్త సచ్చిపోయిన మర్నాడు పన్నెండు దోసెలు తిన్యాడు, నేనే పోసినా."

"పదమూడు," అన్నాను.

ఈసారి ఐదుగురూ నవ్వారు. లేవకుండా ఎంతసేపైనా తినవచ్చు, మిగల్చకూడదు అని పెద్దాయన తేల్చాడు. పంక్తిలో పక్కవాళ్లు ముగించేదాకా లేవకూడదు గనక ఆమె కూడా నా పక్కనే కూర్చోవలసి వచ్చింది. రెండూ నలభై నుంచి నాలుగూ ఐదు దాకా.

"అన్నీ లెక్కేసేటోనివి," అంది మజ్జిగ చెంబు జరుపుతూ, "ఆకర్న నాకెన్ని దోసెలు మిగిలేవో ఎప్పుడన్నా లెక్కేసినావా?"

"లేదు."

"రెండు. దినామూ రెండే."

రెండో ఓళిగ తుంచుకున్నాను. "రాజంపేటాయప్ప ఎట్లాంటోడు?"

"వంట తానే సేస్తాడంట. తిన్నంక గదా తెలిసేది!" అని నవ్వింది. నేనూ నవ్వాను. మా ఇంట్లో అట్లా కూర్చుని నవ్విన పూట ఒకటి గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు.

చివరికి ఒక్క ముద్ద మిగిలింది. చేతిలోకి తీసుకుని ఆగాను. విస్తరిలో వదిలేస్తే ఆరు నెలలు ఆమె నా భార్యే. నరసమ్మ నవ్వు ఆపి నా చేతివైపే చూస్తోంది. ఆ ముద్ద నోట్లో పెట్టుకుని, మజ్జిగతో మింగి, విస్తరి మడిచాను. ఆమె అంత గట్టిగా ఊపిరి వదలడం నేనెప్పుడూ వినలేదు.

రాత్రికి సత్రంలో పడుకుని, పొద్దున ఆరు గంటల బస్సు ఎక్కాను. ఈ దారిన పోయేవారికి తిండికి లోటుండదు. కడపలో భోజనం పని ఉన్నవారు మాత్రం నంద్యాలలో టీతో ఆగడం మేలు.

"కడపలో ఏం పనప్పా?" అని అడిగాడు పక్కనున్న రైతు.

"భోజనానికి పోయింటి."

"ఎట్లుండె?"

"శానా బాగుండె. సంగటి అంత మెత్తగా ఎవరూ గెలకలేరు."

"వండినామెకు జెప్పినావా?"

లేదన్నాను. అప్పటికే బస్సు చెన్నూరు దగ్గర పెన్న దాటింది.