కొట్టేసిన పేర్లు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక ఆషాఢంలో, తెనాలిలోని మా ఆఫీసు నుంచి నన్ను రేపల్లెలోని ఒక కాలేజీకి డెప్యుటేషన్ మీద పంపారు. హోదా సిస్టమ్స్ ఆఫీసరు. పని, డాస్ కంప్యూటరులో ఉన్న పాత విద్యార్థుల వివరాలను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చడం. డాస్ మౌసు లేని కాలపు వ్యవస్థ; నల్ల తెర మీద కమాండ్ టైపు చేస్తేనే కదులుతుంది. దాని మీద ఫాక్స్‌ప్రో డేటాబేసు. ఒక పట్టికలో విద్యార్థులు, మరో పట్టికలో మార్కులు, రెంటినీ కలిపేది అడ్మిషన్ నంబరు. ఇన్నేళ్లకీ అది నడుస్తోందంటే నాకు భలే ముచ్చటేసింది.

ఒక్కటే అర్థం కాలేదు. ఫైలు సైజు చూస్తే బోలెడంత, తెర మీద పేర్లు చూస్తే పిడికెడు. పాత చెత్త పేరుకుందనుకున్నాను.

అంతలో వేమూరు నుంచి ఒకావిడ వచ్చింది. అంగన్‌వాడీ కార్యకర్త, పేరు నాగమణి. స్టడీ సర్టిఫికెట్ కావాలంది. ఆమె చదివిన ఏళ్ల రిజిస్టరు తుపాను నీళ్లకు ముద్దయిపోయింది. కంప్యూటరులో వెతికాను. లేదు.

"లేకపోవడమేంటి సార్? రెండేళ్లు ఇక్కడే చదివానండి. రేపు బాపట్లలో కాగితం చూపించకపోతే నా ప్రమోషను పోద్దండి," అంది.

లేనిది నేనెక్కడి నుంచి తెచ్చేది? విసుగ్గా నా పనిలో పడి, చెత్త ఊడ్చేద్దామని ప్యాక్ అనే కమాండ్ టైపు చేశాను. ఎంటర్ నొక్కడమే తరువాయి. నకలు కూడా తీసుకోలేదు, బుద్ధి గడ్డి తిని.

"ఆగండి సార్! ఏంటది?" అన్నారు నా వెనక నిలబడి చూస్తున్న సీనియర్ అసిస్టెంట్ అనసూయమ్మగారు. మొదటి నుంచీ ఆ కంప్యూటరు నడిపింది ఆవిడే.

కొట్టేసిన పేర్లు పూర్తిగా తీసేస్తుందని చెప్పాను.

"అయ్యబాబోయ్! టీసీ తీసుకెళ్లిన వాళ్లందర్నీ కొట్టేసింది నేనేనండి. రిజిస్టర్లో ఎర్రగీత గీస్తాం చూడండి, అలాగ. పేరు కొట్టేస్తాం గానీ పేజీ చింపుతామా ఎక్కడన్నా?"

గబుక్కున వేలు వెనక్కి తీసుకున్నాను. ఫాక్స్‌ప్రోలో డిలీట్ చేస్తే పక్కన గుర్తు పడుతుందంతే. ప్యాక్ కొడితేనే రికార్డు పోతుంది. ఆ గుర్తున్న వాటిని దాచే సెట్టింగు తీసేశాను. తెర నిండా పేర్లు! వాటిలో నాగమణి, అడ్మిషన్ నంబరుతో, మార్కులతో సహా.

ప్రిన్సిపాల్ సంతకం చేసిన సర్టిఫికెట్ పట్టుకుని ఆవిడ సాయంత్రం బండికి వెళ్లింది. నా వేలు ఎంటర్ దాకా వెళ్లిందని ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు, సిగ్గేసి.

ఆ తర్వాత ఏ ఆఫీసుకు వెళ్లినా, కంప్యూటరు ముట్టుకునే ముందు దాన్ని నింపిన మనిషి పక్కన కూర్చుని, మీరెలా రాసేవారండీ అని అడిగేవాణ్ణి.