ఫారిన్ గిటారు

ఎనభైల నాటి మాట. సిరోంచ బస్టాండులో ఒక పెళ్లి ఆర్కెస్ట్రావాడు రెండు బేస్ గిటార్లతో నా పక్కన కూర్చున్నాడు. పాతది కలకత్తాది. రెండోది ఎడ్ల జత ఇచ్చి అప్పుడే తెచ్చుకున్న అమెరికాది.

“ఫారిన్ మోతే వేరు సార్. మీకేం ఎరుక?” అన్నాడు వెటకారంగా.

పేరుకు మొక్కడమూ మూఢభక్తేనన్నాను. కళ్లు మూసుకుని పోల్చమన్నాను. స్పీకరు లేనిదే వాటి మోత సరిగా వినబడదు కనుక ఒక్కో గిటారు చెక్కనూ దవడకు ఆనించుకుని విన్నాడు, నేను తీగ మీటాను.

“గిదే ఫారిన్!” అని అరిచాడు.

కళ్లు తెరిచి చూస్తే కలకత్తాది.

“తప్పిన చెవి నాది, పోయిన ఎడ్లు నాయి. నడుమ నీదేం పోయింది?” అని కసిరాడు.

ఇంతలో వానతో పాటే రేగుంట బస్సు వచ్చింది. తనకున్న ఒక్క గొంగడినీ అమెరికాదానికే చుట్టి, నావైపు చూడకుండా ఎక్కాడు.