తలకు నీళ్ళు పోయకముందే

ఆ రోజు పొద్దున పెనుకొండ సబ్‌జైలు గేటు ముందు కుళ్ళాయమ్మ చెయ్యి పట్టుకుని హిందూపురం బస్సెక్కించిన మనిషి ఖైదీ కాదు. జైల్లో బోరు మోటారు బాగుచేసి బయటికొస్తున్న మెకానిక్ ఓబుళప్ప.

తప్పంతా కుళ్ళాయమ్మదే అనడానికి లేదు. విడుదలయ్యేవాడిని ఆమె ఎన్నడూ చూడలేదు. వార్డరు ఫోన్లో చెప్పిన గుర్తులేమో అచ్చంగా ఓబుళప్పకే ఉన్నాయి. బక్క మనిషి, చారల చొక్కా, చేతిలో గుడ్డ సంచి. గేటు తెరుచుకోగానే ఆమె పోయి మణికట్టు పట్టుకుంది.

"పదప్పా, డాక్టరమ్మ కాసుకోనుండాది."

డాక్టరమ్మ ఇంట్లో మోటారు కాలిపోయిందేమో అనుకున్నాడు ఓబుళప్ప. చెయ్యి పట్టుకుని, టికెట్టు తీసి మరీ పిలుచుకుపోయేవాళ్ళు ఆయన పనిలో అరుదు. కిటికీ పక్కన హాయిగా కూర్చున్నాడు. సోమందేపల్లి దాటాక ఆమె ఆయన వీపు నిమిరింది.

"భయపడొద్దు నాయనా. మొదట్లో చేతులు వణుకుతాయి, తర్వాత సర్దుకుంటాది."

"నాకేం వణకవమ్మా. ఇరవై ఏండ్ల అలవాటు."

ఇరవై ఏండ్లా! కుళ్ళాయమ్మ మిగతా దారంతా దేవుళ్ళకు మొక్కుకుంటూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు మంజులత ఆయన నాడి చూసింది, కనుపాపలు చూసింది. "ఆఖరుసారి సూది ఎప్పుడు వేసుకున్నావు?" అని అడిగింది.

"సూదేంది మేడమ్? ముందు మోటారు యాడుండాదో చూపించండి" అన్నాడు ఓబుళప్ప.

నర్సులు గోడకానుకుని నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది. వాళ్ళు నవ్వడం పూర్తయి చూసేసరికి కుళ్ళాయమ్మ అక్కడ లేదు. చెప్పులు కూడా తొడుక్కోకుండా బస్టాండు వైపు పరుగెత్తుతోంది. చూసినవాళ్ళకు సిగ్గుతో పారిపోతున్నట్టే కనిపించి ఉంటుంది.

కుళ్ళాయమ్మ ఆ చిన్న ఆసుపత్రిలో ఆయా. ధర్మవరంలో పట్టునేత మగ్గాలున్న వీధిలో పుట్టింది. పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే నేతగాళ్ళ నడుములు ఎట్లా ఉంటాయో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. నొప్పికని సందు చివరి డాక్టరు దగ్గర సూది వేయించుకుంటారు. నొప్పి పోతుంది, మనసూ తేలికపడుతుంది. కొన్నాళ్ళకు నొప్పి లేకపోయినా సూది కావాలి. మరికొన్నాళ్ళకు దాన్ని ఎవరికి వాళ్ళే పొడుచుకుంటారు. దానికోసం ఇంట్లోవి అమ్ముతారు, తర్వాత పక్కింట్లోవి. అట్లా జైలుకు పోతారు. బయటికి వచ్చినవాళ్ళను నేరుగా హిందూపురం తెస్తే, రోజూ నాలుక కింద ఒక మాత్ర పెట్టి, మాట్లాడి, మెల్లగా మనుషుల్లో కలుపుతుంది మంజులత. తెచ్చే పని కుళ్ళాయమ్మది.

రెండేళ్ళ కిందట, రెండువేల రెండులో, ఆమె మొదట తేవాల్సినవాడు తిరుపాల్. పుట్టింటి వీధివాడే. చిన్నప్పుడు ఆమె చంకనెక్కి తిరిగినవాడు. గేటు దగ్గరికి తిరుపాల్ తల్లి అనసూయమ్మ కూడా వచ్చింది.

"జైలు నుంచి వచ్చిన బిడ్డను ఎట్లొచ్చినోన్ని అట్లే ఆస్పత్రికి తోలేదా కుళ్ళాయీ? ఇంటికి పోయి తలకు నీళ్ళు పోసి, దిష్టి తీసి, ఇంత తియ్యంగా పెట్టి పంపిస్తా. రేపు మంగళవారం, బయటికి పంపేది మంచిది కాదు. బుధవారం నువ్వే వచ్చి పిల్చకపో."

తల్లి మాట, పైగా పెద్దామె మాట. కాదంటే బాగుండదని కుళ్ళాయమ్మ తల ఊపింది. ఊపడమే కాదు, తనూ ఆ ఇంటికి పోయింది. వాకిట్లో స్టూలేసి అనసూయమ్మ కొడుకు తలకు నీళ్ళు పోస్తుంటే పక్కన నిలబడి చెంబు అందించింది. కడుపునిండా నెయ్యి పోసిన పూర్ణం ఓళిగలు తిని, కూతురికని కొన్ని కొంగున కట్టుకుని మరీ బస్సెక్కింది. తిరుపాల్ బస్సు దాకా వచ్చి, "అక్కా, బుధవారం రెడీగా ఉంటా, నెయ్యి అంటినాది, కొంగు చూసుకో" అని నవ్వాడు.

మర్నాడు పొద్దున మగ్గం గుంతలో ఒరిగి ఉన్నాడు. చేతి పక్కన సూది.

"నెలల తరబడి సూది లేని ఒళ్ళు కుళ్ళాయమ్మా" అంది మంజులత ఆ సాయంత్రం. "పాత లెక్కన వేసుకున్నాడు. అప్పటి ఒళ్ళు తట్టుకునేది, ఇప్పటి ఒళ్ళు తట్టుకోలేదు. జైలు నుంచి వచ్చిన కొత్తలోనే వీళ్ళకు గండం. అందుకే ఒక్క పూట కూడా మధ్యలో వదలొద్దనేది."

కొంగుకు అంటిన నెయ్యి మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. కుళ్ళాయమ్మ ఆ చీరను ఎవరికీ ఇవ్వలేదు, కట్టనూ లేదు. ఓళిగ వాసన వస్తే ఆ ఇంటి గడప తొక్కదు. గేటు దగ్గర పేరడిగేపాటి ఆలస్యం కూడా చేయకుండా చెయ్యి పట్టుకోవడం అప్పుడు మొదలైన అలవాటు. ఆ అలవాటే ఈ పొద్దు ఆమె చేత మోటారు మెకానిక్‌ను పట్టించింది. నిజమైన మనిషిని వదిలేయించింది.

పెనుకొండలో దిగేసరికి గేటు మూసి ఉంది. ఎదురుగా టీ బంకు ఆయన ఆమెను చూస్తూనే అరిచాడు.

"ఏమక్కా, మోటారు ఓబుళప్పను యాడికి ఎత్తకపోతివి? నువ్వు పిల్చకపోవాల్సిన పిల్లోడు చంద్ర ఎంతసేపో ఈడే నిలబడె. వాళ్ళమ్మ యల్లక్క వచ్చి ధర్మవరం పిల్చకపోయె."

ధర్మవరం బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది. డ్రైవరు ఒకచోట టీకి కూడా దిగాడు. కుళ్ళాయమ్మ ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

ఊరికి అవతలి కొసనున్న మరో మగ్గాల వీధిలో యల్లక్క ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద అండాలో నీళ్ళు కాగుతున్నాయి. పక్కనే స్టూలు వేసి ఉంది. చారల చొక్కా విప్పి భుజాన వేసుకుని ఒక బక్క కుర్రాడు గోడకానుకుని ఉన్నాడు. ఎవరో స్నేహితుడు సైకిలు దిగకుండానే అతని చెవిలో ఏదో చెబుతున్నాడు. కుళ్ళాయమ్మను చూసి స్నేహితుడు సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఈసారి ఆమె ముందు పేరడిగింది.

"నీ పేరేందప్పా?"

"చంద్ర."

"ఈ ఇంటోనివేనా? మోటార్లు బాగుచేసే పనేం లేదు గదా?"

"మగ్గం పనక్కా" అన్నాడతను అర్థంకాక.

అప్పుడు చెయ్యి పట్టుకుంది. "చొక్కా తొడుక్కో. హిందూపురం బస్సు ఉండాది."

ఇంట్లోంచి యల్లక్క పసుపు చేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఎవరమ్మా నువ్వు? నా బిడ్డను యాడికి ఈడ్చకపోతాండావు?"

కుళ్ళాయమ్మ చెప్పింది. ఆసుపత్రి గురించి, మాత్ర గురించి, కొత్తలో ఉండే గండం గురించి. యల్లక్క అంతా విన్నది. పంపనని కూడా అనలేదు. పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళవైపు చూసింది.

"ఇన్నాళ్ళూ కాసుకోనుండానమ్మా. నువ్వూ ఒక తల్లివే గదా, నా బిడ్డకు తలకు రెండు చెంబుల నీళ్ళు కూడా పోసుకోనియ్యవా?"

కుళ్ళాయమ్మ చంద్ర చెయ్యి వదల్లేదు.

"ఒకసారి పోయనిచ్చినానక్కా, మర్నాడు మళ్ళా ఆ బిడ్డకే నీళ్ళు పోయాల్సొచ్చింది."