రెండు కణుపుల కోత

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

కమలాపురం దగ్గర మాకు పన్నీరు ద్రాక్ష తోట ఉండేది. నల్లటి కాయ, పలచని తోలు, నోట్లో వేసుకుంటే పన్నీరు వాసన. మహా నాజూకు. గుత్తులు ఎక్కువ వదిలితే కాయ నల్లబడదు, ఎర్రగానే ఆగిపోతుంది. పండే వేళ వాన తగిలితే పగులుతుంది. దాని గుణం తెలిసిన మనిషి మా చుట్టుపక్కల ఏసన్న ఒక్కడే. ద్రాక్ష తోటలన్నిటికీ కత్తెర పట్టుకుని తిరిగేవాడు. అదే ఆయన బతుకు.

అంతకుముందు నేను బెంగళూరు ద్రాక్ష పెంచినవాణ్ణి. దాన్ని తీగకు రెండు కణుపులే ఉంచి కత్తిరించినా కాసేది. అదీ నలుపే, ఇదీ నలుపే, నాకు తెలియనిదేముంది అనుకున్నాను. కాపు కోసం తీగ కత్తిరించే రోజు ఏసన్న కత్తెర ఆపి నా వైపు చూశాడు.

"నాలుగైదు కణుపులన్నా ఇడిసిపెట్టాలప్పా. దీనికి కాపు పై కణుపుల్లోనే ఉండాది."

"తోట నాదా, నీదా? రెండుకే కొయ్యి."

కోశాడు.

పందిరి నిండా పచ్చగా ఆకు కమ్ముకుంది. గుత్తి మాత్రం లేదు. తోట చూడవచ్చిన వ్యాపారి, వెంట వచ్చిన రైతులు తలలెత్తి వెతుకుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. "ఏసన్నను నమ్మి చెడిపోయినా. కాపంతా కోసి పారేసినాడు" అన్నాను. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు.

"నువ్వే గదప్పా కొయ్యమంటివి" అన్నాడు మెల్లగా.

"తప్పు చేసి నా మీదికి తోస్తాండావా?" అని అరిచాను.

భూమి ఉన్నవాడి మాట కదా, నాదే నెగ్గింది. ఆ తర్వాత ఏ తోటవాళ్లూ ఆయన్ను పిలవలేదు. ఎర్రగుంట్లకు పోయి లారీలకు సిమెంటు బస్తాలు ఎత్తుతున్నాడని విన్నాను.

నాది భయమా? కాదు, నామోషీ. ఒక కాపు పోతే మరుసటి ఏడు ఇంకో కాపు వచ్చేది. ఆయన పేరు మాత్రం మళ్లీ రాలేదు. అది కళ్లారా చూస్తూ, ఒక్క మాటతో సరిచేయగలిగి కూడా, ఇన్నేళ్లు నోరు మూసుకుని అన్నం తిన్నాను. థూ, నాదీ ఒక బతుకేనా?

మొన్న ఎర్రగుంట్లలో ఎదురుపడ్డాడు. ఒంటినిండా సిమెంటు దుమ్ము. "తోట బాగుండాదా అప్పా?" అని అడిగాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

"బాగుండాది" అన్నాను. ఆ తోట పీకేసి నాలుగేళ్లయింది.

ఆయన ముందు రెండోసారీ అబద్ధమే ఆడాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇచ్చేది కాదు. తప్పు ఏసన్నది కాదు, నాది. ఇంత రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది.