బోనెట్ మీద చెయ్యి

నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్‌కు నీళ్లు తెచ్చే ట్యాంకర్ డ్రైవర్, పైపు లాగే ముందు బోనెట్ మీద ఒకసారి అరచెయ్యి ఆనించేవాడు. ఆ ముసలి బండి పొగకి నాకు ఒళ్లు మండేది.

"ఎన్నాళ్లని రిపేర్లు చేయిస్తావయ్యా? ఇంజన్ మొత్తం విప్పించి కొత్తగా బిగించుకోరాదూ?" అన్నాను ఓ రోజు.

"మెకానిక్ గూడ గదే అంటుండు సార్. గీ ఇంజన్ బిగించింది మా తమ్ముడు. వాడు పోయిండు. వాడి చేతిపని విప్పనీకి మనసొస్తలేదు."

ఎండాకాలంలో బండి మా గేటు ముందే ఆగిపోయింది. ఇక తప్పలేదు, ఇంజన్ విప్పించాడు.

తిరిగొచ్చిన రోజు పొగ లేదు. చప్పుడు కూడా మెత్తబడింది.

"మంచిగైంది గదా అన్నా," అన్నాడు వాచ్‌మన్.

"అయింది," అన్నాడతను. అలవాటుగా లేచిన చెయ్యి బోనెట్ దాకా వెళ్లి, ఆనకుండానే దిగిపోయింది.