నాపరాయి తాగిన కాక్‌టెయిల్

వికారాబాద్‌లో విలేకరిగా చేరిన ఆ కొత్తలో, ఫోన్‌లో వీడియో చూస్తే రాని విద్యంటూ లేదని నమ్మేవాణ్ని. కాక్‌టెయిల్ విద్య అలా పట్టుకున్నదే. పట్నం నుంచి తెప్పించిన వెర్మూత్‌లో (మూలికలు వేసిన వైన్, వాసన పండగలా, రుచి కషాయంలా ఉంటుంది) జిన్నూ నిమ్మరసమూ కలిపి అద్దె గదిలో ప్రయోగాలు చేశాను. ఎలా కలిపినా చేదే. పట్నపు రుచే అంతని సర్దిచెప్పుకున్నాను.

తాండూరులో మా మేనమామకు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ ఉండేది. ఆయన కూతురంటే నాకు ప్రాణం. "మీ అమ్మ పెండ్లి సంగతి అడిగింది అల్లుడా, ఆదివారం దావత్‌కు రా, మాట్లాడుకుందాం" అని ఫోన్ చేశాడు. మామను మెప్పించడానికి ఇదే అదననుకుని సీసాలు సంచిలో పెట్టుకుని రైలెక్కాను. మామది కొత్త ఇల్లు. హాలంతా అద్దంలా మెరిసే నాపరాయి. మామే దగ్గరుండి పాలిష్ పట్టించాడు.

మా వైపు మందు తాగేముందు భూతల్లికి సాక పోస్తారు, అంటే కాసిన్ని చుక్కలు నేల మీద వదులుతారు. మామా, ఆయన తమ్ముళ్లిద్దరూ నేను కలిపిచ్చిన గ్లాసుల్లోంచి చుక్కలు వదిలి, తలో గుక్క తాగి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏందిరా గిది? వేపాకు నూరినవా?" అన్నాడు చిన్నమామ.

"పట్నంల గిదే తాగుతరు మామా."

"గందుకే ఆళ్లు గట్లున్నరు."

కాబోయే అల్లుణ్ని నొప్పించలేక మామ "తల్లికి జర ఎక్కువనే పోద్దాం" అని సగం గ్లాసు నేలపాలు చేశాడు. తమ్ముళ్లకు దారి దొరికింది. గ్లాసులన్నీ భక్తితో ఖాళీ అయ్యాయి. (నేను మురిసిపోయి మళ్లీ నింపాను.)

భోజనాలకు ముందు మరదలు తడిగుడ్డ పెట్టింది. తడి ఆరాక హాలు నడుమ మచ్చలు తేలాయి, మెరుపు చచ్చిపోయి, బొల్లి సోకినట్టు. మామ మోకాళ్ల మీద కూర్చుని వేలితో రుద్దాడు.

"నిమ్మకాయ పిండినవా అల్లుడా?"

"అవును మామా."

"పులుపు తాకితే గీ రాయి ఖరాబయితది. జర చెప్పొద్దా?"

"నాయినా, మళ్ల పాలిష్ పట్టిస్తే పోతది" అంది మరదలు, నా తరఫున.

"రాయికి పట్టియ్యొచ్చు బిడ్డా" అన్నాడాయన, నా వైపు చూస్తూ.

పెళ్లి మాట ఆ పూట రాలేదు. తర్వాతా రాలేదు.

తిరుగు రైల్లో, ఇక నా బతుకు ముగిసిందని, మరదలికి పెద్ద వీడ్కోలు సందేశం రాశాను. అలవాటు కొద్దీ విశేషణాలు కొట్టేశాను. చెప్పిందే చెప్పిన వాక్యాలు తీసేశాను. వికారాబాద్ వచ్చేసరికి "క్షేమంగా చేరాను" అన్నది మాత్రం మిగిలింది. అదే పంపాను. గుండె పగిలినా వార్తలా కుదించి రాసిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక్క విశేషణమైనా ఉంచాల్సింది.